పడవ పని జరిగే షెడ్లను విద్యార్థులకు చూపించాలి: నెల్లూరు, ప్రకాశం తీరంలో ఎక్కడ, ఎప్పుడు?

ప్రశ్న: కావలి మాస్టారు

అందరికీ నమస్కారం. నేను కావలి దగ్గర ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా విద్యార్థుల్లో చాలామంది సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచే వస్తారు. అయినా తేలే వస్తువుల పాఠం, గరిమనాభి పాఠం వచ్చేసరికి పుస్తకంలోని గాజు బీకరు బొమ్మ దగ్గరే ఆగిపోతున్నాము. ఇంటి ముందే పడవ ఉన్న పిల్లవాడికి బీకరు చూపించడమేమిటని అనిపించి, ఈ వేసవి సెలవుల్లో ఆసక్తి ఉన్న కొద్దిమందిని వెంటబెట్టుకుని పడవలు, వలలు, తెడ్లు, ఇంజన్లు, లైఫ్ జాకెట్ల పని జరిగే చోట్లకు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను.

గతంలో ఇలాగే ఒక పెద్ద కర్మాగారానికి తీసుకువెళ్తే వాళ్లు మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, వీడియో చూపించి, బిస్కెట్లు పెట్టి పంపించారు. అటువంటిది వద్దు. చేతులకు మసి అంటుకునే చోటు కావాలి.

నాకు తెలియవలసినవి ఇవి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో వెళ్తే పని కనిపిస్తుందా, లేక అంతా మూసి ఉంటుందా? మైపాడు, జువ్వలదిన్నె, రామాయపట్నం, పాకల, కొత్తపట్నం, వీటిలో దేన్ని ముందు పెట్టుకోవాలి? వాడరేవు 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లినా మాకు అదేమీ దూరం కాదు, కనుక దాన్నీ లెక్కలో వేసుకోవచ్చు. అన్నింటికంటే ముఖ్యంగా, అక్కడికి వెళ్లాక పిల్లలను ఏమి గమనించమని చెప్పాలి?

జవాబు: ఫైబరు షెడ్డు, నెల్లూరు

మాస్టారూ, నేను చాలా ఏళ్లుగా ఫైబరు పనిలో ఉన్నాను. మా షెడ్డులో తెప్పలతో పాటు రొయ్యల హేచరీలకు తొట్లు కూడా చేస్తాము. ఉన్నమాట చెప్పాలంటే ఏడాది పొడవునా మాకు కూలి గిట్టేది తొట్ల మీదే. పడవల పని కాలాన్నిబట్టి వస్తుంది, పోతుంది.

ముందుగా ఒక మాట. కొత్త పడవ తయారవుతుంటే చూడాలని పట్టుబట్టకండి. అచ్చులో పడవ పోస్తున్నప్పుడు బయటివాళ్లకు కనిపించేది చాలా తక్కువ. నలుగురు మనుషులు బ్రష్షులు, రోలర్లు పట్టుకుని వంగి ఉంటారు, ఆ తరువాత అది గట్టిపడే దాకా అందరూ ఎదురుచూస్తారు. మీ పిల్లలకు అరగంటలో విసుగు వస్తుంది. అదే మరమ్మతుకు వచ్చిన పడవ అయితే, పగిలిన చోట గ్రైండరు పెట్టి కోసినప్పుడు లోపలి పొరలన్నీ పుస్తకం అంచు మాదిరిగా బయటపడతాయి. పైన అర మిల్లీమీటరు మందంలో రంగు కలిపిన జెల్‌కోట్, దాని కింద పొట్టి గాజుపోగులను అన్ని దిక్కులా పరచిన మ్యాట్, ఆ కింద గోనెపట్టాలా నిలువు అడ్డం నేసిన రోవింగ్, మళ్లీ మ్యాట్, మళ్లీ రోవింగ్. మ్యాట్ నీళ్లు చొరకుండా పొరలను ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది, రోవింగ్ బలాన్ని ఇస్తుంది. ఏ పొర ఏ పని చేస్తుందో కొత్త పడవ మీద నేను గంటసేపు చెప్పినా అర్థం కాదు, విరిగిన పడవ మీద వేలు పెట్టి చూపిస్తే చాలు.

పడవ ఎందుకు విరిగిందో కూడా ఆ కోతలోనే తెలుస్తుంది. గాజుపోగులను అంటించే జిగురు ద్రవం, అంటే రెజిన్, తడవని చోట రోవింగ్ తెల్లగా, పొడిగా, చేత్తో లాగితే ఊడివచ్చేలా ఉంటుంది. పోసేవాళ్లు తొందరపడి రోలరు సరిగా తిప్పకపోతే గాలిబుడగలు లోపలే ఉండిపోతాయి, ఆ చోటనే పొరలు విడిపోతాయి. పైకి కనిపించని ఈ జబ్బును పట్టుకోవడానికి మేము ఐదు రూపాయల బిళ్లతో పడవ ఒంటి మీద వరుసగా తట్టుకుంటూ పోతాము. గట్టిగా ఉన్న చోట ఠంగుమంటుంది, పొర విడిన చోట బొదబొదమంటుంది. మీ పిల్లల చేత ఈ పని తప్పకుండా చేయించండి. శబ్దం పాఠానికీ పనికివస్తుంది.

అతుకు వేసే పద్ధతిలో కూడా మీకు కావలసిన భౌతికశాస్త్రం ఉంది. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న చోట పగులు వస్తే ఆ పగులు మేరకే పూడ్చితే అతుకు నిలవదు. చుట్టూ కనీసం 60 మిల్లీమీటర్ల దాకా, అంటే మందానికి పన్నెండు రెట్ల దూరం, వాలుగా అరగదీసి, లోపల చిన్న ముక్క, దాని మీద కొంచెం పెద్ద ముక్క, ఇలా పేర్చుకుంటూ రావాలి. బలం ఒక్క గీత మీద పడకుండా ఆ వాలు పొడవునా పంచుకుపోతుంది. ఒడ్డున తక్కువలో ముగించాలనుకునే వాళ్లు ఈ వాలు దగ్గరే కక్కుర్తి పడతారు, ఆ పడవ మరుసటి వేటలోనే మళ్లీ వస్తుంది.

ఎండ గురించి. రెజిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ సాధారణంగా నూటికి 1 నుంచి 2 పాళ్లు కలుపుతాము. మే నెలలో మన నెల్లూరు ఎండకు 2 పాళ్లు కలిపితే బకెట్లోనే గడ్డకట్టి పొగ వస్తుంది. అందుకని హార్డెనర్ తగ్గించి, తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ఆపేస్తాము. మీరు తొమ్మిది గంటలకు టిఫిన్ చేసి తీరిగ్గా బయలుదేరితే షెడ్డు ఖాళీగా కనిపిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో మరో ఇబ్బంది. గాలిలోని తేమ వల్ల పొరలు సరిగా పట్టవు. అందువల్ల మీరు అడిగిన నిషేధం రోజులే అన్నిటికంటే అనువైనవి, ముఖ్యంగా మే చివరి వారాలు. జూన్ 15న నీళ్లలోకి దిగాలి కాబట్టి ఆ రోజుల్లో ఒడ్డు మీదా, షెడ్లలోనూ ఊపిరి సలపని పని ఉంటుంది.

జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. హార్డెనర్ ఒక పెరాక్సైడు, కంట్లో పడితే చూపు పోతుంది. రెజిన్‌ను త్వరపెట్టడానికి వాడే కోబాల్ట్ ద్రావణాన్నీ, ఈ హార్డెనర్‌నూ నేరుగా కలిపితే మంట అంటుకుంటుంది, పేలిపోతుంది కూడా. రెండిటినీ వేరువేరుగా, ఒకదాని తరువాత ఒకటి రెజిన్‌లోనే కలపాలి. పిల్లలను సీసాల బల్ల దగ్గరికి రానివ్వకండి. గ్రైండరు తిరుగుతున్నంతసేపూ మాస్కు, నిండు చేతుల చొక్కా ఉండాలి. గాజు నూగు చర్మంలో దిగితే రెండు రోజులు దురద వదలదు.

జవాబు: పాకల ఒడ్డు

మాది వేట మీద బతికిన కుటుంబం. మా నాన్నగారు కర్ర తెప్ప మీద వెళ్లేవారు, మా అన్నయ్య ఫైబరు తెప్ప మీద వెళ్తున్నాడు, నేను ఒంగోలులో ఉద్యోగం చేస్తున్నాను. పై జవాబులో చెప్పినదంతా నిజమే కానీ, ఫైబరు ఒక్కటే చూపిస్తే కథ సగం నుంచి మొదలుపెట్టినట్టు అవుతుంది.

కర్ర తెప్పకు అసలు కడుపు ఉండదు. తేలికపాటి దుంగలను వంపు తీర్చి, పక్కపక్కన పెట్టి, మోకుతో బిగించి కడతారు. అల పైకి వచ్చిన నీరు దుంగల సందుల్లోంచి కిందికి కారిపోతుంది కాబట్టి నీరు తోడే పని లేదు, మునిగే భయం లేదు. ఒడ్డుకు చేరాక కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఆరబెడతారు, లేకపోతే కర్ర నీరు తాగి బరువెక్కుతుంది. పడవ ఎందుకు తేలుతుందన్న ప్రశ్నకు రెండు వేరువేరు జవాబులు ఇక్కడ పక్కపక్కనే దొరుకుతాయి. తెప్ప తన కర్ర తేలిక వల్ల తేలుతుంది, నావ తన కడుపులోని ఖాళీ వల్ల తేలుతుంది. ఇప్పటి ఫైబరు తెప్ప పేరుకు తెప్పే అయినా, లోపల మూసిన గదుల్లో ఫోము నింపుతారు కాబట్టి రెండు జవాబులూ దానికి వర్తిస్తాయి.

దుంగలకు పనికివచ్చే కర్ర అరుదై ధర పెరగడం, ఇంజను పెట్టుకోవాలన్న కోరిక, ఈ రెండూ ముందునుంచే తెప్పను వెనక్కి నెడుతున్నాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి ఒడ్డున ఉన్న పడవలను కొట్టుకుపోయాక, ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ ఇచ్చినవి చాలావరకు ఫైబరు పడవలే. ఆ మార్పు అప్పుడు ఒక్కసారిగా జరిగిపోయింది. కట్టిన కర్ర తెప్ప ఇప్పుడు కనిపిస్తే అదృష్టం. కనిపించకపోతే ఒడ్డున ఏ పెద్దాయననైనా అడగండి, కట్టు ఎలా వేసేవారో తాడు తీసుకుని చూపిస్తారు. అటువంటి వాళ్లు ఎక్కువ కాలం ఉండరు కాబట్టి పిల్లల చేత రాయించుకోండి.

వల గురించి. నైలాను వల గుడ్డను ఇప్పుడు ఎవరూ ఇంట్లో అల్లడం లేదు, కర్మాగారం నుంచి బేళ్లుగా వస్తుంది. దారం మీద 210/2/3 అని ఉంటే, 210 డెనియర్ (పోగు లావును చెప్పే కొలత) పోగులు రెండేసి కలిపి పురి వేసి, అలాంటి పురులు మూడింటిని పేనారని అర్థం. ఒడ్డున జరిగే పని ఆ గుడ్డను తాడుకు కట్టడం. 100 మీటర్ల గుడ్డను లాగి కట్టరు, సుమారు 50 మీటర్ల తాడుకు సర్దుతూ కడతారు. అలా సర్దితేనే వలకన్ను నీటిలో తెరుచుకుని ఉంటుంది, లేకపోతే కన్ను మూసుకుపోయి చేప తగిలి పక్కకు పోతుంది. పైతాడుకు బెండ్లు, కిందితాడుకు గుండ్లు. బెండ్లకు కొన్నిచోట్ల పాత హవాయి చెప్పులను గుండ్రంగా కోసి వాడతారు. మా వీధిలో తెగిన చెప్పును పారేసేవాళ్లు లేరు. బెండ్ల లేపుడుకూ గుండ్ల బరువుకూ లెక్క కుదిరితే వల నీటిలో గోడలా నిలబడుతుంది. గుండ్లు నాలుగు ఎక్కువ వేస్తే అడుగుకు కూర్చుంటుంది, ఒక్కోసారి కావాలనే అలా వేస్తారు.

ఇక మర్యాద సంగతి. నిషేధం రోజుల్లో పని కనిపిస్తుంది, నిజమే, కానీ ఆ రెండు నెలలూ ఇళ్లలో డబ్బు ఆడదు. ప్రభుత్వం ఇచ్చే భృతి అందే వరకు అప్పు మీద నడిచే ఇళ్లు ఉంటాయి. అటువంటి సమయంలో పాతికమంది పిల్లలు సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకుని దిగితే ఎవరికీ నచ్చదు. ముందురోజే ఒకరిద్దరు వెళ్లి ఊరి పెద్దలతో మాట్లాడండి, ఎవరి పడవ దగ్గర నిలబడతారో వాళ్ల అనుమతి అడగండి. పని ఆపి చెప్పే మనిషికి ఆ పూట కూలి ఇవ్వండి. టీ, బన్ను ఇచ్చి సరిపెట్టకండి. చెప్పులతో పడవ ఎక్కవద్దు, పరచిన వలను దాటవద్దు. మా ఒడ్డున అది అశుభం కిందే లెక్క.

జవాబు: చీరాల పాఠకుడు

చెక్క పడవ కట్టడం చూడాలంటే నెల్లూరు, ప్రకాశం తీరం తిరగడం కాలయాపనే. కాకినాడ వైపు వెళ్లండి. కోరంగి ఓడలు కట్టిన ఊరు, ఆ చుట్టుపక్కల వడ్రంగం ఇప్పటికీ ఉంది. పక్కటెముకలు నిలబెట్టి పలకలు తాపడం చేసే పెద్ద పని మన దగ్గర దాదాపు లేదు.

జవాబు: పాకల ఒడ్డు

కాకినాడ మాట కాదనను. కానీ మాస్టారు అడిగింది పిల్లలు తమ ఇంటి ముందున్న పడవను అర్థం చేసుకోవడం గురించి. రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్లి వేరే ఊరి పడవను చూసి వస్తే ఆ పని జరగదు.

జవాబు: ఇంజను మెకానిక్కు, కొత్తపట్నం

ఇంజను ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి నేను చెబుతాను. మన తీరంలో పెద్ద బోట్లకు తప్ప రేవు లేదు, చిన్న పడవ అలల మీదుగా వచ్చి ఇసుకలోనే ఆగాలి. పడవ అడుగున ప్రొపెల్లరు బిగిస్తే మొదటిరోజే ఇసుకలో విరిగిపోతుంది. అందుకే 9, 10 హార్స్‌పవర్ల డీజిల్ ఇంజనును వెనక బిగించి, దాని నుంచి పొడవాటి గొట్టంలో షాఫ్టును నీళ్లలోకి దించుతారు. ఒడ్డు దగ్గరపడగానే ఇంజనును ముందుకు వంచితే తోక మొత్తం నీటిపైకి లేస్తుంది. ఇసుకకు దిగే పడవలకు ఎటువంటి ఆకారం, ఎటువంటి ఇంజను ఉండాలన్న దాని మీద 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వారి బంగాళాఖాత కార్యక్రమం చాలా ప్రయోగాలు చేసింది. ఈ కష్టం మన ఒక్క ఊరిది కాదు, తూర్పుతీరం పొడవునా ఉన్నదే.

మీ పిల్లలకు నా దగ్గర చూపించదగినవి రెండు. మొదటిది అరిగిపోయిన బుష్, అంటే షాఫ్టును పట్టి ఉంచే గొట్టంలాంటి భాగం. షాఫ్టు తిరిగే చోట ఇసుక, ఉప్పునీరు చేరి బుష్ కోడిగుడ్డు ఆకారంలోకి అరుగుతుంది, అప్పటి నుంచి షాఫ్టు కొట్టుకుంటుంది, ఆ అదురు పడవ వెనక చెక్కకు చేరి అక్కడి ఫైబరును పగలగొడుతుంది. ఫైబరు షెడ్డు వారు చూసే పగుళ్లలో కొన్ని నా దగ్గర మొదలైనవే. ఇంజను కూర్చున్న చోట పగిలిందంటే ముందు బుష్ మార్పించాలి, తరువాత అతుకు వేయించాలి. చాలామంది తిరగేసి చేస్తారు.

రెండోది ప్రొపెల్లరు. దాని మీద రెండు అంకెలు పోసి ఉంటాయి. ఒకటి వ్యాసం, రెండోది పిచ్. నీరు కదలకుండా గట్టిగా ఉంటే ఒక చుట్టుకు ప్రొపెల్లరు ఎంత ముందుకు పోతుందో అదే పిచ్. నీరు జారిపోతుంది కాబట్టి పడవ అంత దూరం పోదు. పిచ్‌నూ చుట్ల వేగాన్నీ గుణించి, పడవ అసలు వేగంతో పోల్చి చూడమనండి, ఎంత వేగం జారుడులో పోతున్నదో వాళ్లకే తెలుస్తుంది. వంగిన రెక్కను సుత్తితో సరిచేసి వాడే పడవలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది, డీజిల్ ఖర్చూ పెరుగుతుంది.

కావలి మాస్టారు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులు చదివాక నా పథకం మార్చుకున్నాను. పదిమందికి మించి తీసుకువెళ్లను. మే చివరిలో ఒక తెల్లవారుజామున ఫైబరు షెడ్డు, మరోరోజు పాకల, కొత్తపట్నం ఒడ్డు. జువ్వలదిన్నె హార్బరు మాకు దగ్గరే కాబట్టి సాయంత్రం ఎప్పుడైనా చూసుకోవచ్చు. పెద్దల అనుమతికి నేనే ముందుగా వస్తాను.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. తేలడానికి లోపల నింపేది ఫోము అన్నారు, కొందరు థర్మోకోల్ అంటున్నారు. రెండూ ఒకటేనా? లైఫ్ జాకెట్ కొనేటప్పుడు, పరీక్షించేటప్పుడు ఏమి చూడాలి? 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పటి నుంచి పిల్లలు ఈ ప్రశ్న తరచుగా అడుగుతున్నారు.

జవాబు: ఫైబరు షెడ్డు, నెల్లూరు

రెండూ ఒకటి కావు మాస్టారూ. పడవ గదిలో పోసే పాలియురిథేన్ ఫోము రెండు ద్రవాలు కలపగానే పొంగి, గది మూలలకు అంటుకుని గట్టిపడుతుంది. థర్మోకోల్ దిమ్మలుగా వస్తుంది, చవక. అయితే మేము వాడే రెజిన్‌లో స్టైరీను ఉంటుంది, అది తగిలితే థర్మోకోల్ కరిగి మాయమవుతుంది. అందుకే థర్మోకోల్ పెట్టేవాళ్లు దాన్ని ప్లాస్టిక్ పట్టాలో చుట్టి పెట్టాలి. చుట్టకుండా పెట్టి పైన రెజిన్ పోసిన పడవలను కోసి చూస్తే గది ఖాళీగా కనిపిస్తుంది, యజమానికి మాత్రం తన పడవ మునగదన్న ధీమా ఉంటుంది. దీన్ని తరగతిలో చూపించాలంటే రెజిన్ అక్కరలేదు. గోళ్లరంగు తుడిచే అసిటోను నాలుగు చుక్కలు థర్మోకోల్ ముక్క మీద వేయండి. కిటికీలు తెరిచి, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకోండి.

లైఫ్ జాకెట్ మీద న్యూటన్లలో అంకె ఉంటుంది. 50 అని ఉంటే ఈత వచ్చినవాళ్లకు, ఒడ్డు దగ్గర సహాయం అందే చోట మాత్రమే. 100 ఉన్నది ప్రశాంతమైన నీటికి, 150 ఉన్నది సముద్రానికి. 100 న్యూటన్లంటే సుమారు 10 కిలోల లేపుడు. 60 కిలోల మనిషిని 10 కిలోల లేపుడు ఎలా నిలబెడుతుందని పిల్లలను అడగండి. మనిషి ఒళ్లు నీటిలో దాదాపు తనంతట తానే తేలుతుంది, నీటిపైకి రావలసింది తల మాత్రమే, ఆ తల బరువుకు సరిపడా లేపుడు ఉంటే చాలన్న జవాబు వాళ్లే పట్టుకుంటారు. పూర్వం ఈ జాకెట్లలో తెల్లబూరుగు దూది కుట్టేవారు, నూనె అంటితే అది తేలడం మానేస్తుంది. ఇప్పటివాటిలో నీరు చొరని చిన్నచిన్న మూసిన గాలిగదులున్న ఫోము వాడతారు.

పరీక్ష సులువు. భుజాల దగ్గర పట్టుకుని మనిషిని పైకి లేపి చూడండి. జాకెట్ చెవుల దాకా జారిపోతే అది ఆ మనిషి కొలత కాదు, నీళ్లలోనూ అలాగే జారుతుంది. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉంటే తప్పక బిగించాలి. కుట్టు దారం ఎండకు తెల్లబడి గోరుతో గీస్తే పొడి రాలితే ఆ జాకెట్ పని అయిపోయినట్టే. పర్యాటకుల బోట్లలో కుప్పగా పడేసిన జాకెట్లలో ఇటువంటివి చాలా ఉంటాయి. మీ పిల్లల చేత కనీసం పది జాకెట్ల కుట్లు గీయించి, ఎన్ని నిలిచాయో లెక్క రాయించండి.

షెడ్డుకు వచ్చే రోజు ఉదయం ఐదున్నరకల్లా ఉండండి. ఆ రోజుకు ఒక పడవనైనా కోయకుండా ఆపి ఉంచుతాను. కాళ్లకు బూట్లు, నిండు చేతుల నూలు చొక్కాలు. అగ్గిపెట్టె, లైటరు ఎవరి జేబులో ఉన్నా గేటు దగ్గరే ఇచ్చి లోపలికి రావాలి, మాస్టారుతో సహా.